నమ్మి అప్పగించిన సొమ్ము

(రేడియో సందేశము)

వాక్యభాగములు: 2 రాజులు 12:4-16, ఎజ్రా 8:24-34, 2 కొరింథీయులకు 8:16-21

  

ఈ దినము మనము ధ్యానించే సంగతి ప్రసంగాలలో తరచుగా వినబడదు. సంఘము పేదల కొరకు ఒక పని మొదలుపెడుతుంది. అది పిల్లల హాస్టలు కావచ్చు, కుట్టు శిక్షణ కేంద్రము కావచ్చు, వృద్ధాశ్రమము కావచ్చు, చిన్న ఆసుపత్రి కావచ్చు. ఆ పనికి బయటనుండి కొంత పెద్ద మొత్తం వస్తుంది. దానినే గ్రాంటు అంటున్నాము. గ్రాంటు వచ్చిన రోజున స్తుతి కూడిక పెట్టుకుంటాము. మంచిదే. అయితే ఆ సొమ్మును మోయగల బలము మన సంస్థకు ఉన్నదా? అది అయిపోయిన మరునాడు ఆ పిల్లల సంగతి ఏమిటి? ఈ రెండు ప్రశ్నలు ఆ కూడికలో అడగము. ఈ దినము అడుగుదాము.

ఇది ఊహించి చెప్పే మాట కాదు. కంపాషన్ ఇంటర్నేషనల్ అనే సంస్థ 2017 మార్చి నెలలో మన దేశములో తన పనిని ముగించవలసి వచ్చింది. అంతకు ముందు సంవత్సరము, ప్రభుత్వ ముందస్తు అనుమతి లేకుండా ఆ సంస్థనుండి డబ్బు రాకూడదని కేంద్ర హోంశాఖ ఆదేశించింది. అప్పటికి ఆ సంస్థ సహాయముతో చదువుకుంటున్న పిల్లలు సుమారు 1,45,000 మంది. వారిలో అనేకులు స్థానిక సంఘాలు నడిపే కేంద్రాలకు వెళ్లే పిల్లలే. మరొక సంగతి. 2022 జనవరి 1వ తేదీన మన దేశములో సుమారు 6,000 సంస్థలకు విదేశీ విరాళాలు పొందే రిజిస్ట్రేషను లేకుండా పోయింది. వాటిలో అత్యధిక భాగం గడువులోగా రెన్యూవల్ దరఖాస్తు పెట్టుకోనివేనని అధికారులు అప్పట్లో చెప్పారు. ఎవరిది న్యాయము, ఎవరిది అన్యాయము అని తీర్పు తీర్చడము నా పని కాదు. నేను చూపించేది ఒక్కటే. డబ్బు ఆగినప్పుడు మొదట దెబ్బ తగిలేది కమిటీ సభ్యులకు కాదు, భోజనపు పళ్లెము ముందు కూర్చున్న పిల్లవానికి.

కానుక వేరు, గ్రాంటు వేరు

మొదట ఈ తేడా గ్రహించాలి. ఆదివారము కానుకల సంచిలో వేసిన డబ్బును సంఘ అవసరాన్ని బట్టి కమిటీ తీర్మానించి వాడుకుంటుంది. గ్రాంటు అలాంటిది కాదు. ఇచ్చేవాడు ఎందుకొరకు ఇస్తున్నాడో, ఎంతకాలానికి ఇస్తున్నాడో, దేనికి ఎంత ఖర్చు పెట్టాలో ముందుగానే వ్రాసి ఇస్తాడు. ఆ కాగితము మీద మనము సంతకము చేస్తాము. సంతకము చేసిన తరువాత అది మన ఇష్టము వచ్చినట్లు వాడుకునే డబ్బు కాదు. అది మన దగ్గర ఉంచబడిన డబ్బు.

ఎజ్రా గ్రంథము 7వ అధ్యాయము తెరచి చూడండి. పారసీక రాజైన అర్తహషస్త ఎజ్రాకు ఒక తాకీదు ఇచ్చాడు. నేటి గ్రాంటు ఉత్తరములో ఉండే సంగతులన్నీ అందులో ఉన్నాయి. ఇచ్చిన ద్రవ్యముతో ఏమేమి కొనాలో ఉన్నది. బలులకు కావలసినవి కొన్న తరువాత మిగిలినది దేనికి వాడుకోవచ్చునో ఉన్నది. ఇంకా అవసరమైతే రాజు ధనాగారమునుండి ఎంతవరకు తీసుకొనవచ్చునో కూడా ఉన్నది. వెండి అయితే నూరు మణుగుల వరకే. గోధుమలకు, ద్రాక్షారసమునకు, నూనెకు కూడా హద్దు వ్రాశారు. ఉప్పుకు మాత్రము లెక్క పెట్టలేదు. రాజు ఉదారముగా ఇచ్చాడు, అయినా హద్దులు వ్రాసి ఇచ్చాడు. ఎజ్రా ఆ హద్దులను అవమానముగా తలంచలేదు. రాజు మనస్సులో ఈ ఆలోచన పుట్టించిన దేవుని స్తుతించాడు.

నెహెమ్యా అడిగిన విధానము కూడా చూడండి. ఎంతకాలము పడుతుందని రాజు అడిగితే, నెహెమ్యా ఒక గడువు చెప్పాడు. దారిలో అధికారులకు చూపించడానికి ఉత్తరాలు అడిగాడు. దూలములు దేనికి కావాలో మూడు పనులు లెక్కపెట్టి చెప్పాడు: కోట గుమ్మములకు, పట్టణపు గోడకు, తాను ఉండబోయే ఇంటికి. మరి మనము గ్రాంటుకు దరఖాస్తు వ్రాసేటప్పుడు ఏమి వ్రాస్తాము? "పేదలకు సేవ చేయుటకు సహాయము కోరుచున్నాము" అని వ్రాసి సరిపెట్టుకుంటాము. ఎంతమంది పేదలు? ఏ ఊరిలో? ఏ సేవ? ఎన్ని నెలలు? ఎంత ఖర్చు? ఈ అయిదు ప్రశ్నలకు జవాబు మనకు తెలియకపోతే, ప్రార్థన చేయడముతోపాటు కాగితము, పెన్ను తీసుకొని కూర్చోవలసిన సమయము వచ్చిందన్నమాట.

యోవాషు పెట్టె నేర్పే పాఠము

ఇప్పుడు 2 రాజులు 12వ అధ్యాయమునకు వద్దాము. యోవాషు రాజు మందిరము బాగుచేయాలని ఆశించాడు. ప్రజలు తెచ్చే ద్రవ్యాన్ని యాజకులే తీసుకొని, శిథిలమైన చోట్లు బాగుచేయించాలని ఆజ్ఞాపించాడు. ఆజ్ఞ మంచిది, ద్రవ్యము వస్తున్నది, మనుష్యులు పరిశుద్ధమైన పనిలో ఉన్నవారు. అయినా ఆయన ఏలుబడిలో ఇరువది మూడవ సంవత్సరము వచ్చేసరికి మందిరము బాగుపడలేదు!

ఇక్కడ దొంగతనము జరిగిందని వాక్యము చెప్పలేదు, గమనించండి. యాజకులు చెడ్డవారని కూడా చెప్పలేదు. మరి పని ఎందుకు జరగలేదు? వసూలు చేసేది వారే, దాచేది వారే, పని చేయించేది వారే. వారికి అసలు పని బలులు అర్పించడము. కట్టడపు పని చూచుకొనే మనిషి లేడు. ఏ సొమ్ము దేనికో వేరుచేసే పద్ధతి లేదు. అంటే ఆ ఏర్పాటుకు ఆ పని మోసే శక్తి లేదు. నేడు పెద్దలు దీనినే సంస్థాగత సామర్థ్యము అంటున్నారు. మాట పెద్దదే గాని అర్థము చిన్నది. అప్పగించిన పనిని, అప్పగించిన సొమ్మును సరిగా నడిపించగల మనుషులు, పద్ధతులు, పుస్తకాలు మన దగ్గర ఉన్నాయా అన్నదే దాని అర్థము.

రాజు ఏమి చేశాడు? యాజకుడైన యెహోయాదా ఒక పెట్టె తెచ్చి, దాని మూతకు రంధ్రము చేసి, బలిపీఠము దగ్గర ఉంచాడు. ద్వారము కాచేవారు వచ్చిన ద్రవ్యాన్ని అందులో వేశారు. పెట్టె నిండినప్పుడు ఒక్కడు వచ్చి తెరవలేదు. రాజుగారి లేఖికుడు, ప్రధాన యాజకుడు ఇద్దరూ వచ్చి లెక్కించి సంచులలో కట్టారు. తరువాత దానిని పని చేయించేవారి చేతికి ఇచ్చారు. వారు వడ్రంగులకు, కాసెపనివారికి, రాళ్లు చెక్కేవారికి చెల్లించారు. వేసేవారు వేరు, లెక్కించేవారు వేరు, పని చేయించేవారు వేరు. అలా నిలిచిపోయిన పని కదిలింది.

మన సంస్థలలో కూడా ఇదే పద్ధతి కావాలి. ఒక ఖర్చు విషయములో నలుగురు నాలుగు పనులు చేయాలి. ఒకరు అవసరము వ్రాసి అడగాలి. మరొకరు బడ్జెట్టు చూచి మంజూరు చేయాలి. వేరొకరు చెల్లించాలి. ఇంకొకరు పుస్తకములో వ్రాయాలి. చిన్న సంస్థలో నలుగురు దొరకకపోతే కనీసము ఇద్దరైనా ఉండాలి. చెక్కు మీద రెండు సంతకాలు తప్పనిసరి. ఆ ఇద్దరూ భార్యాభర్తలు కాకూడదు, తండ్రీకొడుకులు కాకూడదు. ఖాళీ చెక్కుల మీద ముందుగా సంతకము చేసి బీరువాలో పెట్టడము ఎక్కడైనా ఉంటే ఈ వారమే ఆపివేయండి. అలాంటి రెండవ సంతకము వలన ప్రయోజనము ఏమీ లేదు.

మరొక సంగతి 13వ, 16వ వచనాలలో ఉన్నది. మరమ్మతు కొరకు వచ్చిన ద్రవ్యముతో వెండి పాత్రలు చేయించలేదు. అపరాధ పరిహారార్థ బలుల సొమ్ము యాజకులది గనుక దానిని మరమ్మతు లెక్కలో కలపలేదు. పాత్రలు పరిశుద్ధమైనవే, మరమ్మతు పరిశుద్ధమైనదే. అయినా ఒకదాని సొమ్ము మరొకదానికి పోలేదు. మన దగ్గర ఏమి జరుగుతుంది? "ఈ నెల కాపరిగారి జీతానికి తక్కువైంది, హాస్టలు డబ్బులో తీసి ఇద్దాము, వచ్చే నెల సర్దుదాము" అంటాము. అది మంచి పనికే కదా అనుకుంటాము. దొంగిలించినవాడు లేడు, అయినా పిల్లల బియ్యము తగ్గింది. వచ్చే నెల కూడా తక్కువే వస్తుంది. అలా ఆరు నెలలు గడిస్తే ఆ గుంట పూడ్చడము ఎవరివల్లా కాదు.

కొందరు 15వ వచనము చూపించి, నమ్మకస్థులైన పనివారిని లెక్క అడగలేదు గదా, మనకు లెక్కలెందుకు అంటారు. ఆ మాట ఎక్కడ వచ్చిందో చూడండి. ఇద్దరు కలిసి లెక్కించి, సంచులు కట్టి, పని చేయించేవారిని నియమించిన తరువాత వచ్చింది. కట్టుదిట్టము ముందు, విశ్వాసము దాని వెనుక. ముందుది లేకుండా వెనుకది మాత్రమే కావాలనడము వాక్యాన్ని సగము చదవడమే.

సరిపోయే లెక్క

లెక్కలు ఆత్మీయమైన పని కాదని కొందరి అభిప్రాయము. నిర్గమకాండము 38వ అధ్యాయము చివరి భాగము చదవండి. ప్రత్యక్ష గుడారపు పని అయిన తరువాత మోషే ఆజ్ఞ చొప్పున ఆ లెక్క తయారైంది. దాన్ని అహరోను కుమారుడైన ఈతామారు చేయించాడు. పని చేసినవారు బెసలేలు, అహోలీయాబు. అంటే పని చేసినవారి లెక్కను వేరొకరు చూశారు.

ఆ లెక్కలోని వెండి సంగతి మీరే కూడి చూడండి. లెక్కింపబడిన పురుషులు 6,03,550 మంది. ఒక్కొక్కరు అర తులము ఇచ్చారు. మొత్తము 3,01,775 తులములు. మణుగుకు 3,000 తులములు గనుక, అది 100 మణుగులు, పైన 1,775 తులములు. సరిగా అంతే అక్కడ వ్రాయబడి ఉన్నది. ఖర్చు కూడా ఉన్నది. నూరు మణుగులతో నూరు దిమ్మలు, దిమ్మకు ఒక మణుగు. మిగిలిన 1,775 తులములతో స్తంభములకు వంకులు, బొదల రేకులు, బద్దలు. జమ ఎంతో ఖర్చు అంత. ఒక్క తులము తేడా లేదు. దేవుడు ఈ లెక్కను తన గ్రంథములో ఉంచాడు గనుక మనము దీనిని తక్కువగా చూడకూడదు.

మన సంస్థలో దీనికి సమానమైన పని ఏమిటి? ప్రతి గ్రాంటుకు వేరే లెడ్జరు పెట్టాలి. ప్రతి చెల్లింపుకు వోచరు, దానికి బిల్లు ఉండాలి. బిల్లు మీద అది ఏ గ్రాంటులో ఏ పద్దుకు చెందినదో వ్రాయాలి. ఒకే బిల్లును ఇద్దరు దాతలకు చూపించే తప్పు దీనివలన తప్పుతుంది. నెలాఖరున క్యాష్ బుక్కును బ్యాంకు స్టేటుమెంటుతో సరిచూడాలి. గ్రాంటు సొమ్ముతో కొన్న కుట్టు మిషను, కంప్యూటరు, మంచము, ఫ్యాను అన్నీ ఆస్తుల రిజిస్టరులో నంబరుతో ఎక్కాలి. పనివారి జీతము హాజరు పుస్తకముతో సరిపోవాలి.

ఇంకొక చిన్న అలవాటు ఎంతో మేలు చేస్తుంది. ప్రతి నెలా కమిటీలో ఒక్క పేజీ చూపించండి. ఎడమవైపు ఈ నెలకు అనుకున్న ఖర్చు, కుడివైపు నిజముగా అయిన ఖర్చు, పక్కన తేడా. ఎక్కువ ఖర్చయినా ఎందుకో చెప్పాలి, తక్కువ ఖర్చయినా చెప్పాలి. తక్కువ ఖర్చు మంచిదే కదా అనుకోవద్దు. మందుల పద్దులో సగమే ఖర్చయిందంటే సగము మంది రోగులకు మందు అందలేదని అర్థము కావచ్చు. సంవత్సరము చివరి నెలలో డబ్బు మిగిలిందని తొందరపడి ఏదో ఒకటి కొనవద్దు. దాతకు ముందుగా ఉత్తరము వ్రాసి, వ్రాతపూర్వకముగా అనుమతి పొంది, తరువాత ఖర్చు చేయండి. పొరపాటు జరిగినా అలాగే. ఆడిటరు కనిపెట్టక ముందే మనమే చెప్పాలి. ముందుగా చెప్పినవారిని దాతలు నమ్ముతారు, దాచినవారిని మరల నమ్మరు.

దూరదేశమునుండి వచ్చే సొమ్ము

మన తెలుగు కుటుంబాలవారు అమెరికాలో, గల్ఫ్ దేశాలలో, ఆస్ట్రేలియాలో అనేకులు ఉన్నారు. వారు తమ ఊరి సంఘమును ప్రేమించి డబ్బు పంపాలనుకుంటారు. ఇక్కడ చట్టము తెలియక మంచివారే చిక్కులలో పడుతున్నారు. గనుక శ్రద్ధగా వినండి.

విదేశీ విరాళాల నియంత్రణ చట్టము మొదట 1976లో వచ్చింది. ఇప్పుడున్నది 2010లో చేసిన చట్టము. అది 2011 మే 1 నుండి అమలులోకి వచ్చింది. 2020 సెప్టెంబరులో దానిని సవరించి మరింత గట్టి చేశారు. ఈ చట్టము క్రింద రిజిస్ట్రేషను గాని ముందస్తు అనుమతి గాని లేని సంస్థ విదేశీ విరాళము తీసుకొనకూడదు.

మీ సంఘస్థుడు దుబాయిలో ఉద్యోగము చేస్తున్నాడు, అతనిది భారతదేశపు పాస్‌పోర్టే. అతడు తన సొంత సంపాదనలోనుండి బ్యాంకు ద్వారా పంపినది విదేశీ విరాళముగా లెక్కకు రాదు. అయితే అతని అన్న అమెరికా పౌరసత్వము తీసుకున్నాడు. అతడు మన ఊరివాడే, మన భాషవాడే, చేతిలో ఓసీఐ కార్డు కూడా ఉన్నది. అయినా చట్టము ప్రకారము అతడిచ్చేది విదేశీ విరాళమే. గనుక డబ్బు తీసుకొనే ముందు పంపేవారి పౌరసత్వము ఏమిటో అడిగి, పాస్‌పోర్టు ప్రతి ఫైలులో పెట్టుకోండి. అడగడము అవమానపరచడము కాదు, ఇద్దరినీ కాపాడడము.

2020 సవరణలో ముఖ్యమైన సంగతులు నాలుగు. ఒకటి, విదేశీ విరాళము మొదట న్యూఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో తెరచిన ప్రత్యేక ఖాతాలోనికే రావాలి. రెండు, అలా పొందిన సొమ్మును మరొక సంస్థకు బదిలీ చేయకూడదు. పూర్వము పట్టణములోని పెద్ద సొసైటీ విదేశీ డబ్బు తీసుకొని, రిజిస్ట్రేషనున్న చిన్న సంస్థలకు పంచేది. ఆ దారి మూసివేశారు. మూడు, ఒక సంవత్సరములో వచ్చిన విదేశీ విరాళములో పరిపాలన ఖర్చులు 20 శాతము దాటకూడదు. అంతకు ముందు ఇది 50 శాతము. నాలుగు, బాధ్యులైన వారందరి గుర్తింపునకు ఆధార్ అడుగుతారు.

వీటితోపాటు పాత నియమాలూ ఉన్నాయి. విదేశీ సొమ్మును, స్వదేశీ కానుకలను ఒకే ఖాతాలో కలపకూడదు. ఆర్థిక సంవత్సరము ముగిసిన తొమ్మిది నెలలలోగా, అంటే డిసెంబరు 31లోగా, ఎఫ్‌సి-4 అనే వార్షిక రిటర్ను చార్టర్డ్ అకౌంటెంటు ధృవీకరణతో దాఖలు చేయాలి. ఆ సంవత్సరము ఒక్క రూపాయి రాకపోయినా శూన్యము అని చూపించి దాఖలు చేయాలి. రిజిస్ట్రేషను అయిదు సంవత్సరములకు ఇస్తారు. అది ముగిసే తేదీని ఆఫీసు గోడమీద పెద్ద అక్షరాలతో వ్రాసి పెట్టండి. ముగియడానికి చాలా నెలల ముందే రెన్యూవల్ పని మొదలుపెట్టండి. ఇలాంటి నియమాలు మారుతూ ఉంటాయి గనుక, సంవత్సరానికి ఒకసారైనా ఈ పని తెలిసిన ఆడిటరు దగ్గర కూర్చొని అడిగి తెలుసుకోండి.

సొసైటీ రిజిస్ట్రేషను సంగతి కూడా మరువవద్దు. ఆంధ్రప్రదేశ్‌లోను, తెలంగాణలోను 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషను చట్టమే ఆధారము. ప్రతి సంవత్సరము సర్వసభ్య సమావేశము జరిపి, కమిటీ సభ్యుల జాబితాను రిజిస్ట్రారుకు ఇవ్వాలి. కొన్ని సొసైటీలలో ఇంకా చనిపోయినవారి పేర్లే కాగితాల మీద ఉంటాయి. గ్రాంటు ఇచ్చేవారు మొదట అడిగేది ఆ కాగితాలే.

నాయకుడు ఊరిలో లేనప్పుడు

సంస్థ బలము ఎప్పుడు తెలుస్తుంది? నాయకుడు ఊరిలో ఉన్నప్పుడు కాదు, లేనప్పుడు. నెహెమ్యా 13వ అధ్యాయములో ఈ సంగతి కన్నీటితో చదవవలసినది. గోడ కట్టారు, నిబంధన చేసికొన్నారు, దశమభాగాలు నింపడానికి గదులు సిద్ధము చేశారు. తరువాత నెహెమ్యా రాజునొద్దకు వెళ్లాడు. ఆయన తిరిగి వచ్చేసరికి, గదుల మీద అధికారిగా ఉన్న ఎల్యాషీబు తన బంధువైన టోబీయాకు ఒక పెద్ద గది ఇచ్చివేశాడు. ధాన్యము, ధూపద్రవ్యము, లేవీయుల భాగము ఉంచవలసిన గది అది. లేవీయులకు రావలసినది రాలేదు. వారు సేవ విడిచి పొలాలకు పోయారు. ఒక్క మనిషి బంధుప్రీతి వలన మందిరపు సేవ ఆగిపోయింది.

నెహెమ్యా కోపపడి టోబీయా సామాను బయట పారవేయించాడు. కాని అంతటితో ఆగలేదు. మరల ఖజానా మీద ఒక్కరిని పెట్టలేదు. యాజకుడైన షెలెమ్యాను, శాస్త్రియైన సాదోకును, లేవీయుడైన పెదాయాను నియమించి, వారికి సహాయముగా హానానును పెట్టాడు. అందరూ నమ్మకస్థులని పేరుపొందినవారు. యాజకులలోనుండి ఒకరు, వ్రాత తెలిసినవారిలోనుండి ఒకరు, సొమ్ము అందవలసిన లేవీయులలోనుండి ఒకరు. ఎంత జ్ఞానముగల ఏర్పాటో చూడండి!

మన కమిటీలలో కూడా ఇలా ఉండాలి. లెక్క తెలిసినవారు ఒకరు ఉండాలి. ఆ సేవ పొందుతున్నవారి తరఫున ఒకరు, హాస్టలు అయితే ఒక పిల్లవాని తల్లి, కూర్చోవాలి. వారికి తెలిసినంతగా ఆ బియ్యము సంగతి మనకు తెలియదు. సంస్థాపకుడు తన భార్యను కోశాధికారిగా, తమ్ముని కార్యదర్శిగా, అల్లుని మేనేజరుగా పెట్టుకుంటే అది సంస్థ కాదు, కుటుంబము. వారు ఎంత నీతిమంతులైనా సరే, అడిగేవారు లేనప్పుడు వారి నీతిని ఎవరూ రుజువు చేయలేరు.

రెండవ వరుసను సిద్ధపరచడము కూడా ఈ పనిలో భాగమే. అయ్యగారికి మాత్రమే పాస్‌వర్డు తెలుసు, అయ్యగారికి మాత్రమే దాత తెలుసు, ఫైళ్లు అయ్యగారి ఇంటిలో ఉన్నాయి. అయ్యగారికి జబ్బు చేస్తే? ఇత్రో తన అల్లుడైన మోషేతో ఇదే చెప్పాడు. ఒంటరిగా మోస్తే నీవూ నలిగిపోతావు, ప్రజలూ నలిగిపోతారని హెచ్చరించి, వేయిమందికి, నూరుమందికి, ఏబదిమందికి, పదిమందికి అధికారులను పెట్టుమన్నాడు. పన్నెండుమంది అపొస్తలులు కూడా విధవరాండ్ర భోజనపు సంగతిలో సణుగు పుట్టినప్పుడు ఏడుగురిని ఏర్పరచుకొమ్మన్నారు. ఆ ఏడుగురికి అడిగిన అర్హతలు మంచిపేరు, ఆత్మ నింపుదల, జ్ఞానము.

గ్రాంటు అడిగేటప్పుడు అకౌంటెంటు జీతము, ఆడిటు ఫీజు, పనివారి శిక్షణ ఖర్చు వ్రాయడానికి కొందరు సిగ్గుపడతారు. ప్రతి రూపాయి పేదకే పోవాలని వారి కోరిక. కోరిక మంచిది, కాని బండికి చక్రాలు కొనకుండా సరుకు ఎక్కించినట్లు అవుతుంది. హద్దులో, నిజాయితీగా ఆ ఖర్చు చూపించి అడగండి.

గ్రాంటు అయిపోయిన మరునాడు

ప్రతి గ్రాంటుకు ముగింపు తేదీ ఉంటుంది. ఒక ఉదాహరణ వేసి చూద్దాము. ఒక సంఘము కుట్టు శిక్షణ కేంద్రము నడుపుతున్నదనుకోండి. ఇద్దరు ఉపాధ్యాయినుల జీతము నెలకు 20,000 రూపాయలు, సంవత్సరానికి 2,40,000. అద్దె 60,000. గుడ్డ, దారము మొదలైనవి 1,20,000. కరెంటు, మిషన్ల మరమ్మతు 36,000. లెక్కలు, ఆడిటు 24,000. మొత్తము సంవత్సరానికి 4,80,000 రూపాయలు.

మూడు సంవత్సరములు దాతే మొత్తము ఇచ్చాడనుకోండి. నాలుగవ సంవత్సరము మొదటి రోజున సంఘము మీద ఒక్కసారిగా 4,80,000 పడుతుంది. కేంద్రము మూతపడుతుంది. దాని బదులు మొదటే ఇలా ఒప్పందము చేసికోండి. మొదటి సంవత్సరము దాత మొత్తము ఇస్తాడు. రెండవ సంవత్సరము దాత 3,60,000, మనము 1,20,000. మూడవ సంవత్సరము దాత సగము, మనము సగము. రెండవ సంవత్సరానికి కావలసిన 1,20,000 అంటే నూరు కుటుంబాలు నెలకు నూరు రూపాయలు ఇస్తే సరిపోతుంది. మూడవ సంవత్సరానికి పాఠశాలల యూనిఫారములు కుట్టే పని తెచ్చుకోవచ్చు. ఇవ్వగలిగినవారి దగ్గర కొద్దిపాటి ఫీజు తీసుకోవచ్చు. నాలుగవ సంవత్సరము భారమే, కాని అప్పటికి భుజాలు అలవాటుపడి ఉంటాయి.

"మేము పేదవారము, మావల్ల అవుతుందా" అని మీరు అడగవచ్చు. మిజోరము స్త్రీలను చూడండి. 1910లో అక్కడి ప్రెస్బిటేరియన్ సంఘములో, వంట చేసే ప్రతిసారి ఒక పిడికెడు బియ్యము తీసి దేవుని కొరకు వేరుగా పెట్టడము మొదలుపెట్టారు. ఆ బియ్యము సంఘము కూర్చి అమ్ముతుంది. ఆ పిడికెడు బియ్యమే పెరిగి నేడు కోట్ల రూపాయల సువార్త నిధి అయింది. మన తెలుగు సంఘాలలో కూడా అనేకచోట్ల పిడికెడు బియ్యము పద్ధతి ఉన్నది. దానిని మరల లేవనెత్తండి.

మన దోర్నకల్లు చరిత్ర కూడా ఇదే చెప్తుంది. వి.ఎస్. అజరయ్యగారు 1903లో తిరునెల్వేలిలో ఇండియన్ మిషనరీ సొసైటీ ఆరంభమునకు కారకులు. తమిళ క్రైస్తవులు తమ సొంత కానుకలతో తెలుగు ప్రాంతమైన దోర్నకల్లుకు మిషనరీలను పంపారు. 1905లో శ్రీరాంపూరులో మొదలైన నేషనల్ మిషనరీ సొసైటీ అయితే భారతీయులే పనివారుగా, భారతీయుల ధనముతో, భారతీయుల నిర్వహణతో పని జరగాలని నియమము పెట్టుకున్నది. అజరయ్యగారు 1912లో దోర్నకల్లు బిషప్పుగా అభిషేకము పొందారు. ఆ దినాలలో మన దేశపు సంఘము ఇంకా పేదదే. అయినా తన కాళ్లమీద నిలువడము నేర్చుకొన్నది.

మనుష్యుల ఎదుట కూడా

ప్రియులారా, చివరగా అపొస్తలుడైన పౌలును చూడండి. యెరూషలేములోని పేద పరిశుద్ధుల కొరకు మాసిదోనియ, అకయ సంఘాలు కూర్చిన చందాను తీసుకొని వెళ్లాలి. పౌలును అనుమానించేవారు ఎవరు? అయినా ఆయన ఒంటరిగా ఆ సొమ్ము ముట్టలేదు. తీతును, సంఘములే ఏర్పరచిన మరొక సహోదరుని తోడు పెట్టుకొన్నాడు. ఇంత పెద్ద ధర్మకార్యములో తమమీద ఎవరూ నింద మోపకుండునట్లు జాగ్రత్తపడుచున్నామని వ్రాశాడు. ప్రభువు దృష్టికి మాత్రమే గాక మనుష్యుల దృష్టికి కూడా సరియైనది చేయాలన్నదే ఆయన ఆలోచన. "దేవునికి తెలుసు" అని చెప్పి లెక్క చూపకుండా ఉండడము పౌలు పద్ధతి కాదు.

ఎజ్రా కూడా అంతే. 650 మణుగుల వెండి, 100 మణుగుల బంగారము పన్నెండుమంది యాజకులకు తూచి ఇచ్చాడు. దారిలో శత్రువులు పొంచి ఉన్నారు. నెలల ప్రయాణము. యెరూషలేము చేరిన తరువాత నాలుగవ దినమున మందిరములో మరల తూచారు. లెక్క ప్రకారము, తూకము ప్రకారము అంతా సరిపోయింది. ఆ బరువు అప్పుడే వ్రాసి పెట్టారు. బయలుదేరినంతా చేరింది. గృహనిర్వాహకునికి ఇంతకన్న గొప్ప సాక్ష్యము లేదు.

గనుక ఈ నెలలోనే మీ కమిటీ కూడి మూడు పనులు చేయండి. చెక్కు సంతకాలు ఎవరివో చూచి సరిచేయండి. ప్రతి గ్రాంటు, ప్రతి రిజిస్ట్రేషను ముగిసే తేదీలు ఒక కాగితము మీద వ్రాయండి. ఆ డబ్బు ఆగితే ఎంతమంది పిల్లలు, ఎంతమంది వృద్ధులు ఏమవుతారో వారి పేర్లు వ్రాసి, ఆ పేర్ల కొరకు ప్రార్థించండి. ఆ పేర్లు కళ్లముందు ఉంటే లెక్కల పుస్తకము బరువుగా అనిపించదు.

ప్రార్థన చేసికొందాము. పరలోకమందున్న మా తండ్రీ, నీ పేదల కొరకు నీవు మా చేతికి అప్పగించిన ప్రతి రూపాయి కొరకు నీకు స్తోత్రము. మా చేతులను శుభ్రముగాను, మా పుస్తకాలను తెరచినవిగాను ఉంచుము. ఇచ్చినవారి ఉద్దేశమును దాటిపోని నమ్మకము మాకు దయచేయుము. మా తరువాత ఈ భారము మోయువారిని మా మధ్యనుండి లేపుము. నీ చిన్నవారిలో ఒక్కరును మా అజాగ్రత్త వలన ఆకలితో పండుకొనకుండ కాపాడుము. యేసుక్రీస్తు నామమున వేడుకొనుచున్నాము తండ్రీ, ఆమేన్.